యంత్రాన్ని ముట్టుకుని సంతకం చేయవలెను

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను పట్టుపురుగుల్ని తనిఖీ చేశాను, బోరింగు పంపుల్ని తనిఖీ చేశాను, వరదకు కొట్టుకుపోయిన ఒక చప్టాను కూడా అది పోయిన ఎనిమిది నెలలకు వెళ్లి, ఉన్నట్టే సంతకం పెట్టి వచ్చాను. కాబట్టి రాష్ట్ర క్వాంటమ్ గణన కేంద్రానికి సూపరింటెండెంటుగా వేసినప్పుడు నాకు ఏ బెరుకూ కలగలేదు. ప్రభుత్వంలో వస్తువేదైనా ఒకటే. దానికో నెంబరు ఉంటుంది, నెంబరుకో రిజిస్టరు, రిజిస్టరుకో బీరువా. బీరువా తాళంచెవి నా జేబులో ఉంటుంది.

నా పేరు గుంటుపల్లి వీరరాఘవులు. కేంద్రాన్ని చిలకలూరిపేట అవతల మిరప చేల మధ్య ఉన్న ఓ పాత పొగాకు గోడౌన్లో పెట్టారు. బేళ్లు తడవకుండా ఎప్పుడో మూరెడు మందాన కట్టిన గోడలు. బస్సు రాదు, లారీ రాదు. ఆ చోటును ఏరికోరి ఎంచుకున్నది శాస్త్రవేత్త డాక్టర్ తాళ్లూరి ప్రసూన. "ఇక్కడికి ఎవరూ రారు కదండీ?" అని ఆమె అడిగిందట. రారని ఎవరో మాటిచ్చారట. ఆ మాటిచ్చిన పెద్దమనిషి ఎవరో నేను దస్త్రమంతా వెతికాను, దొరకలేదు.

గోడౌన్లో ఎదురెదురుగా రెండు హాళ్లు, మధ్యన నడవా. ఎడమ పక్క హాలు యంత్రానిది, కుడి పక్కది రికార్డు గది. నడవా చివర నా గది. నాతో పాటు అటెండరు నాగుల్‌మీరా. సిబ్బంది అంతే.

యంత్రం అంటే తెల్లటి పెద్ద పీపా, పైనుంచి వేలాడుతూ ఉంటుంది. దాని లోపల ఈ భూమ్మీద ఎక్కడా లేనంత చలి. ఆ చలిలో గోరంత పలక, పలక మీద క్యూబిట్లు. క్యూబిట్ చాలా సున్నితమైన ఒక పొందికలో ఉంటుందనీ, కాస్త వేడి తగిలినా, నేల అదిరినా, పక్కన సెల్‌ఫోను మోగినా ఆ పొందిక చెదిరి, తాను ఏం లెక్క చేస్తోందో మరిచిపోతుందనీ ప్రసూన మొదటి రోజే చెప్పింది. చెదరకుండా ఎంతసేపు నిలబడితే యంత్రం అంత గొప్పది. దాన్ని నిలకడ కాలం అంటారు. మైక్రోసెకన్లలో కొలుస్తారు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క అన్నమాట.

"ఆ కాసింత నిలబడ్డానికి ఇంత గోడౌనా అమ్మా?" అన్నాను.

"మాట మీద నిలబడేవాళ్లతో పోలిస్తే ఎక్కువేనండీ," అంది.

ఆమె అసలు పని అలజడి నమూనా కట్టడం. క్యూబిట్ ఎందుకు చెదురుతోందో కారణాలన్నీ విడదీసి, దేని వాటా ఎంతో సమీకరణంగా రాయాలి. పంపు అదురు ఇంత, తీగల గుండా దిగే వేడి ఇంత, పలకలోనే ఉన్న లోపం ఇంత. లెక్కగట్టిన గీతా, కొలిచిన గీతా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కూర్చోకపోతే కనిపించని కారణం ఇంకేదో మిగిలి ఉందని అర్థం. కారణం తెలిస్తే దాన్ని తొలగించవచ్చు. ఐదేళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే, అదీ ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద.

ఆ ఏడు ఢిల్లీ నుంచి గడువు వచ్చింది. మార్చి ముప్పై ఒకటి లోపు ఒక్క రోజైనా ఇరవై నాలుగు గంటల సగటు నిలకడ వంద మైక్రోసెకన్లు దాటాలి. అంకెలు తీగ మీద నేరుగా ఢిల్లీకి వెళ్తుంటాయి. దాటకపోతే యంత్రం లారీ ఎక్కి వేరే రాష్ట్రానికి పోతుంది. ప్రసూన ఇంటికి పోతుంది. నేను చేరింది నవంబరులో. అప్పటికి సగటు అరవై రెండు. "ఎవరూ కదిలించకుండా ఉంటే ఫిబ్రవరికల్లా దాటిద్దండీ," అని ఆమె ధీమాగా చెప్పింది.

పాపం, రోజంతా ఒక్కతే ఆ హాల్లో కూర్చుంటుంది, పలకరించే దిక్కు లేదు. అందుకని రోజూ పదకొండుకూ, నాలుగుకూ నాగుల్‌మీరా కాచిన టీ రెండు గ్లాసుల్లో పోయించుకుని నేనే ఆమె బల్ల దగ్గరికి పట్టుకెళ్లేవాణ్ని. పది నిమిషాలు కూర్చుని, ఇవాళ ఎంతొచ్చిందమ్మా అని అడిగి, నాలుగు మాటలు చెప్పి వచ్చేవాణ్ని.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి. విలువైన ప్రతి ప్రభుత్వ వస్తువునూ నెలకోసారి అధికారి స్వయంగా చూసి, చేత్తో ముట్టుకుని, అంటించిన నెంబరు పైకి చదివి, రిజిస్టరులో సంతకం చేయవలెను. దీన్ని భౌతిక తనిఖీ అంటారు. "చేత్తో ముట్టుకుని" అనే ముక్క తర్వాత చేర్చారు. పూర్వం ఒక అధికారి జీపు దిగకుండానే, గోడ మీద వేసిన ట్రాక్టర్ల బొమ్మ చూసి పన్నెండు ట్రాక్టర్లకు సంతకం పెట్టాడట. అప్పట్నుంచి ప్రభుత్వం కళ్లను నమ్మడం మానేసింది.

డిసెంబరు ఒకటిన ముఖ్య పర్యవేక్షణాధికారి చింతలపాటి విశ్వంభరరాజు గారు దయచేశారు. అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. వెంట ఐదుగురు సభ్యుల తనిఖీ సంఘం. యంత్రం దగ్గరికి వెళ్లి, సంతలో గేదె వీపు చరిచినట్టు పీపాను రెండు చరుపులు చరిచి, "క్వా.గ.కే. బార్ యం. బార్ ఒకటి," అని నెంబరు గట్టిగా చదివి సంతకం చేశారు. ప్రసూన తెర మీద గీత గభాలున జారింది. సాయంత్రానికి సగటు నలభై.

రాజు గారు చురుకైన మనిషి. అంకె తగ్గిన సంగతి వెంటనే పట్టేశారు.

"డాక్టరు గారూ! మేము రాకపూర్వం అరవై రెండు. వచ్చిన పిమ్మట నలభై. దీనివల్ల ఏమి తేటతెల్లమగుచున్నది?"

"మీరు రావడం వల్లే సార్..."

"మేము రాకపోయినచో ఈ పతనం వెలుగులోకి వచ్చెడిదే కాదని తేటతెల్లమగుచున్నది. నెలకొక తనిఖీ చాలదు. ఇకపై వారానికొకటి."

వారానికొకటి మొదలయ్యాక సగటు ముప్పై ఒకటికి దిగింది. పరిస్థితి విషమిస్తోంది గనక తనిఖీని రోజువారీ చేశారు. పంతొమ్మిదికి దిగింది. తనిఖీలు లేకపోతే ఇంకెంతకు దిగి ఉండేదోనని తలుచుకుంటేనే వణుకు పుడుతోందని రాజు గారు పైకి రాశారు. ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. అందులో నాకు అప్పట్లో తప్పేమీ కనిపించలేదు. నా రిజిస్టరు మాత్రం దివ్యంగా ఉంది. ముప్పై నాలుగేళ్లలో అంత నిండుగా ఉన్న సంతకాల పుస్తకం నేను చూడలేదు.

ప్రసూన ఒకసారి ఓపిగ్గా చెప్పి చూసింది. "సార్, పాలు తోడుపెట్టి గంటగంటకీ గిన్నె కదిపి తోడుకుందా తోడుకుందా అని చూస్తే, ఎప్పటికి తోడుకుంటాయండీ?"

రాజు గారు కాసేపు ఆలోచించారు. "పెరుగు ఈ కేంద్రం పరిధిలోనికి రాదు," అన్నారు.

అప్పుడామె మాటలు మానేసి లెక్కలోకి దిగింది. అలజడి నమూనాలో కొత్త పదం ఒకటి చేర్చింది. దానికి 'త' అని పేరు పెట్టింది. త అంటే తనిఖీ. వచ్చినవాళ్ల సంఖ్య, ఉన్న నిమిషాలు, చరుపులు, మోగిన ఫోన్లు, అన్నీ నా రిజిస్టరు చూసుకుని వేసింది. లెక్క గీతా కొలత గీతా అతుక్కుపోయినట్టు కూర్చున్నాయి. ఇరవై పేజీల నివేదికలో ఆమె తేల్చింది ఒక్క ముక్క: మొత్తం అలజడిలో 'త' వాటా నూటికి డెబ్భై నాలుగు.

నివేదిక అందగానే పెద్ద సంచలనం కలిగింది. రాజు గారు నొచ్చుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "శాస్త్రీయ దృక్పథం మాకునూ కలదు," అని చెప్పి, తనిఖీ సంఘం ఉన్నప్పుడు యంత్రం ఎలా ఉంటుంది, లేనప్పుడు ఎలా ఉంటుంది అన్నది తేల్చడానికి ఇంకో సంఘం వేశారు. మొదటి సంఘం ఉన్నప్పుడు యంత్రాన్ని చూడడం సులువే. లేనప్పుడు చూడడంలో చిక్కొచ్చింది. సంఘం లేదని ఎవరు ధ్రువీకరించాలి? అందుచేత మొదటి సంఘం లేని వేళల్లో, అది లేదని ధ్రువీకరించడానికి రెండో సంఘం యంత్రం పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుంది. ఏడుగురు సభ్యులు, ఇద్దరు షిఫ్టులు మార్చేవాళ్లు. పదిహేను రోజుల పరిశీలన తర్వాత వాళ్లు తేల్చిందేమంటే, మొదటి సంఘం ఉన్నా లేకపోయినా అలజడిలో మార్పు లేదు. కాబట్టి డాక్టరు గారి ఆరోపణ నిరాధారం.

"కుర్చీలు కూడా మనయ్యే గదా సార్," అన్నాడు నాగుల్‌మీరా. వాడు కుర్చీల గురించి అన్నాడో మరి దేని గురించి అన్నాడో నేను ఆరా తీయలేదు.

జనవరిలో గణతంత్ర దినోత్సవానికి మా కేంద్రం తరఫున శకటం పంపాలన్నారు. గుంటూరులో పెళ్లి మండపాలు కట్టే ఒకాయన థర్మోకోల్‌తో యంత్రం నమూనా చేసిచ్చాడు. బంగారు కాగితం, లోపల సీరియల్ బల్బులు. అసలు దానికన్నా ఒక అడుగు పొడుగు, నాలుగింతలు అందం. ఊరేగింపు అయ్యాక దాన్ని తెచ్చి వరండాలో పట్టా కప్పి పెట్టాం.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక శుభవార్త తెలిసింది. రాజు గారి తోడల్లుడి కూతురి పెళ్లి భీమవరంలో. రెండు సంఘాలూ కట్టకట్టుకుని వెళ్లాయి. ఒకటిన్నర రోజు గోడౌన్ గుమ్మం తొక్కిన అధికారి లేడు. ఆ రెండో మధ్యాహ్నం నేను టీ పట్టుకుని వెళ్లేసరికి ప్రసూన తెర ముందు కళ్లార్పకుండా కూర్చుంది. గంటకు గంట పెరుగుతూ వచ్చిన అంకె ఎనభై ఎనిమిది దగ్గర ఉంది.

"ఇంకొక్క వారం ఇలా వదిలేస్తే చాలండీ రాఘవులు గారూ," అంది. ఆ గొంతులో ఆశ చూసి నాకూ సంతోషమేసింది.

పెళ్లి భోజనాలు అరిగాక రాజు గారు అంకె చూశారు. "ఇది ఎవరి సమక్షమున నమోదైనది?"

"ఎవరూ లేరండీ. అందుకే వచ్చింది."

"సాక్షి లేని అంకెను ప్రభుత్వం అంకెగా పరిగణించజాలదు. ఫిబ్రవరి ఇరవైన పెద్దల సమక్షంలో ఇదే అంకెను మరల తెప్పించవలెను. అంతవరకూ ఇది లేనట్లే."

ఆ ప్రదర్శన ఏర్పాట్లు నేనే చూశాను. షామియానా, జ్యోతి ప్రజ్వలన, జీడిపప్పు బిస్కెట్లు. యంత్రం హాల్లో నలభై రెండు కుర్చీలు. మొదలయ్యే ముందు ప్రసూన నా చేతికి లక్క సీలు వేసిన కవరు ఒకటి ఇచ్చింది. "ఇది మీ బీరువాలో పెట్టండి. అయ్యాక అందరి ముందూ తెరవండి," అంది. నలభై రెండు మందీ వరసగా వచ్చి ముట్టుకున్నారు. కొందరు రెండు చేతులా కళ్లకద్దుకున్నారు. ఒకాయన పీపాకు చెవి ఆనించి, లోపల ఎవరో ఉన్నట్టు "హలో" అన్నాడు. జ్యోతి వేడి, ఫోన్ల వెలుగు, వీడియో వాడి లైట్లు. అంకె తెర మీద పడింది. ఏడు పాయింట్ మూడు.

హాలంతా నిట్టూర్చింది. నేను కవరు తెరిచాను. లోపల ఒకటే వాక్యం: "నలభై రెండు మంది ముట్టుకుంటే అలజడి నమూనా ప్రకారం రావలసిన అంకె 7.3."

నేనైతే చప్పట్లు కొట్టబోయాను. అంతకన్నా కచ్చితమైన లెక్క నా జన్మలో చూడలేదు. రాజు గారి ముఖం చూసి చేతులు దించుకున్నాను.

మర్నాడు ఆయన చెబుతుంటే సంజాయిషీ నోటీసు నేనే రాసుకున్నాను. "సదరు డాక్టరు తాళ్లూరి ప్రసూన యంత్రము విఫలమగునని దశాంశ స్థానముతో సహా ముందుగనే ఎరిగియుండియు, ఆ విషయమును కవరులో దాచి, పెద్దల సమక్షమున విఫలము కానిచ్చినందులకు, ఆమెను ఏల తొలగించరాదో మూడు దినములలో తెలుపవలెను."

నోటీసు ఇవ్వడానికి వెళ్లాను. ఆమె నేల మీద గొంతుక్కూర్చుని, కుర్చీల కింద పడిన బిస్కెట్ పొడి ఏరుతోంది. పొడికి చీమలు చేరితే అదొక అలజడి అవుతుందట. కాగితం చదివి మడిచి పక్కన పెట్టింది.

"నమూనా కరెక్టేనండీ. ఐదేళ్లకి గీతలు రెండూ కలిశాయి," అంది. ఆ తర్వాత చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కారణం తెలిశాక కూడా దాన్ని తొలగించలేకపోతే, ఇంకెందుకండీ ఈ లెక్కలన్నీ?"

నాకు సిగ్గేసింది. ఉన్న మాట చెబుతున్నాను, సర్వీసులో మొదటిసారి సిగ్గేసింది. ఆ నలభై రెండు సంతకాలూ నా రిజిస్టరులో ఉన్నాయి. వరస తప్పకుండా గీతలు కొట్టి మరీ పెట్టించాను. అయితే నాకు క్వాంటమ్ తెలియకపోవచ్చుగానీ, ప్రభుత్వం తెలుసు. దేన్ని ఎక్కడ పెడితే ఏ అధికారీ తొంగి చూడడో నాకు కంఠోపాఠం.

రాజు గారి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఆమెని తీసేస్తే కోర్టుకెళ్లుద్దండీ. స్టే తెచ్చుకుందంటే మీ సంతకం హైకోర్టు దాకా పోద్ది. అంతకంటే గట్టి శిక్ష ఒకటుంది సార్."

"ఏమది?"

"రికార్డు గదిలో వేయండి. మార్చాఖరుకి కాంట్రాక్టు దానంతటదే అయిపోద్ది. ఈలోపు పాత రిజిస్టర్ల మధ్య కూర్చోబెడితే మనిషన్నవాడు కనపడడు."

రాజు గారి కళ్లు మెరిశాయి. మత్స్యశాఖలో ఆయన్ను ఒకసారి రికార్డు గదిలో మూడు వారాలు వేశారట. ఆ బాధ ఆయనకు తెలుసు. ఉత్తర్వు మీద అప్పటికప్పుడే సంతకం చేశారు.

ఆ ఆదివారం పొద్దున నేనూ నాగుల్‌మీరా కలిసి రికార్డు గదిలో బీరువాలన్నీ వెనక్కి నెట్టి, అడ్డంగా తెర కట్టాం. తెర ముందు శకటం మీది థర్మోకోల్ యంత్రాన్ని వేలాడదీసి బల్బులు వెలిగించాం. అసలు యంత్రం మీదున్న ఇత్తడి నెంబరు బిళ్ల విప్పి బంగారు కాగితానికి బిగించాం. చివరగా రెండు తలుపుల మీది బోర్డులు అటుదిటు, ఇటుదటు మార్చాం.

"ఎడం పక్కది కుడి పక్కకి వచ్చిందని కనుక్కోరా సార్?" అన్నాడు నాగుల్‌మీరా, మేకులు నోట్లో పెట్టుకుని.

"పెద్దోళ్లు తలుపు చూడర్రా, బోర్డు చూస్తారు."

"మరి యంత్రం?"

"నెంబరు చూస్తారు."

సోమవారం ప్రసూన తన శిక్షాపత్రం పట్టుకుని వచ్చింది. రికార్డు గది అని రాసి ఉన్న తలుపు తీసింది. లోపల తన యంత్రం, తన బల్ల, తన తెర, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. గుమ్మంలో చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టబోతే, "లోపలికెళ్లి తలుపేసుకోమ్మా," అన్నాను.

ఎదురు హాల్లో రాజు గారు ఆ రోజే థర్మోకోల్‌ను తనిఖీ చేశారు. చుట్టూ తిరిగారు. ముట్టుకున్నారు. చరిచారు, కాస్త పొడి రాలింది. నెంబరు చదివారు, సరిపోయింది.

"రాఘవులూ, గమనించితివా? ఆమె ఉన్నన్ని నాళ్లు యంత్రము కళావిహీనముగ నుండెను. ఇప్పుడు చూడుము, ఎట్లు ప్రకాశించుచున్నదో! బరువు సైతము తగ్గినట్లున్నది. నిర్వహణ అనగా ఇది."

"అలజడి ఎంత రాయమంటారు సార్?"

ఆయన మరో చరుపు చరిచారు. బల్బులు చెక్కు చెదరకుండా వెలుగుతూనే ఉన్నాయి. "ఎన్ని చరుపులకూ చలించుట లేదు. సున్న అని రాయి."

సున్న రాశాను. వారం తిరక్కుండా అలజడి లేని యంత్రం పేరు జిల్లా అంతా పాకింది. పక్క జిల్లాల అధికారులు బస్సుల్లో వచ్చి ముట్టుకుని పోయారు. ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ అయితే, లోపలి చలి తన చేతికి తెలిసిందని అభిప్రాయాల పుస్తకంలో రాశాడు. ఇలాంటి యంత్రాలు జిల్లాకొకటి కావాలని రాజు గారు ప్రతిపాదన పంపారు. గుంటూరు మండపాలాయన ఫోన్ చేసి, దసరా సీజన్ ముందే చెబితే నయమని నాతో అన్నాడు.

రికార్డు గది తలుపు మాత్రం ఎవరూ తీయలేదు. నేనొక్కణ్ని తప్ప. పదకొండుకూ నాలుగుకూ టీ ఆపలేదు. శిక్షలో ఉన్న మనిషిని పలకరించకపోతే ఎలా? అంకె రోజురోజుకీ పెరిగింది. నలభై, డెబ్భై ఒకటి, ఎనభై తొమ్మిది. మార్చి ఇరవైకి తొంభై ఆరు. అక్కడ ఆగిపోయింది. ఇరవై రెండున తొంభై ఆరు. ఇరవై ఐదున తొంభై ఆరు. ఢిల్లీ నుంచి లారీకి టెండరు పిలిచారని కబురొచ్చింది.

"ఎక్కడ ఆగిందమ్మా?" అని రోజూ అడుగుతున్నాను. పలకలోనే ఏదో ఉందండీ, చూస్తున్నానండీ అంటోంది. నా కళ్లలోకి చూడకుండా అంటోంది.

ఇరవై తొమ్మిదిన నేను టీ పట్టుకుని వెళ్లేసరికి ఆమె చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లింది. తెర మీద ఇరవై నాలుగు గంటల గీత ఉంది. ఐదు నెలలుగా రోజుకు రెండుసార్లు చూస్తున్నాను గనక, గీత చదవడం నాకూ కొద్దిగా వచ్చింది. పైన నూట నాలుగు దగ్గర సాఫీగా పోతోంది. పోతూ పోతూ రెండు చోట్ల సొట్టపడింది. ఒక్కో సొట్టా పూడడానికి రెండు మూడు గంటలు పడుతోంది. ఆ సొట్టలు లేకపోతే సగటు వంద దాటేసినట్టే.

కింద గంటలు రాసి ఉన్నాయి. మొదటి సొట్ట పదకొండుకు. రెండోది నాలుగుకు.

పక్కనే నమూనా కాగితం. ఎదురు హాల్లో నలభై మంది తనిఖీ, వాటా పాయింట్ మూడు. మూరెడు గోడ ఆపేస్తోంది. దాని కింద ఇంకో పదం, వాటా నాలుగు పాయింట్ ఒకటి. దానికి పేరు పెట్టలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసింది.

ప్రసూన లోపలికి వచ్చి, నేను తెర ముందు నిలబడి ఉండడం చూసి ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"డిసెంబరు నుంచేనండీ."

"మరి రాజు గారికి ఇరవై పేజీలు రాశావు. నాకు ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

ఆమె టీ గ్లాసు అందుకుంది. "చెప్తే మీరు రావడం మానేస్తారు గదండీ," అంది.

పది నిమిషాలు కూర్చునేవాణ్ని, ఆ రోజు రెండు నిమిషాలకే లేచాను. అడుగులో అడుగు వేసుకుంటూ, నేల అదరకుండా, దొంగలా బయటికి వచ్చి తలుపు చప్పుడు కాకుండా వేశాను.

ముప్పైన నేను నా గదిలోంచి కదల్లేదు. పదకొండు అయింది, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. నాలుగు అయింది, కూర్చునే ఉన్నాను. సర్వీసంతా కూర్చునే గడిపానుగానీ అంత కష్టంగా ఎన్నడూ కూర్చోలేదు.

ముప్పై ఒకటి పొద్దున పదింటికి ఢిల్లీ నుంచి తంతి లాంటి చిన్న ఈమెయిలు వచ్చింది. ఇరవై నాలుగు గంటల సగటు నూట మూడు పాయింట్ ఎనిమిది. యంత్రం అక్కడే ఉంటుంది. డాక్టర్ తాళ్లూరి ప్రసూనకు మూడేళ్ల పొడిగింపు. ఇకమీదట ప్రతి రోజూ ఆ సగటు తగ్గకూడదు.

రాజు గారు ఈమెయిలును చదివి మురిసిపోయారు. నెంబరు ప్రకారం ఆ విజయం ఎవరిదో రిజిస్టరులో స్పష్టంగా ఉంది. గంటలో పూలదండలు, శాలువా, నాదస్వరం వచ్చేశాయి. ఎదురు హాల్లో థర్మోకోల్‌కు శాలువా కప్పి, నలభై మంది ముట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. రికార్డు గదిలో ఉన్నావిడను ఏం చేయాలని నేను అడిగితే, "శిక్ష మరో మూడేళ్లు పొడిగించుము," అన్నారు.

ఉత్తర్వు టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను. తలుపు కింది సందులోంచి లోపలికి జార్చి, మునివేళ్ల మీద వెనక్కి వచ్చేశాను.

నాగుల్‌మీరా అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోసి నా బల్ల మీద పెట్టాడు. "పదకొండైంది సార్. ఇవాళైనా ఎల్లరా?"

"వెళ్లకూడదురా."

వాడు రెండు గ్లాసులకేసీ నాకేసీ చూసి బయటికి పోయాడు. నడవా అవతల మూసి ఉన్న తలుపుకేసి చూస్తూ, రెండు గ్లాసులూ నేనే తాగాను.